గుండుసూది పెట్టిన కాగితం

ఆయన నాలుగుసార్లు శాసనసభకు గెలిచాడు. మధ్యలో పదకొండు నెలలు చిన్న మంత్రిగా కూడా చేశాడు. అయినా ఊళ్ళో ఎవరి నోటా మంత్రిగారన్న మాట రాలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన కండక్టరే. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు, అలా అడిగితే బాగోదని, "గౌరవ సభ్యుల నివాసం ఎక్కడ?" అన్నాడట. టీకొట్టాయన కాసేపు ఆలోచించి, "ఆ పేరుగల లాడ్జీ ఈ చుట్టుపక్కల లేదండీ" అన్నాడట.

ఆయన ఇంటి ముందుగదిలో పాత బస్సులోంచి ఊడదీసి తెచ్చిన పొడవాటి సీటు ఒకటి ఉండేది. ఆకుపచ్చ రెగ్జిను రెండు చోట్ల చిరిగి లోపలి పీచు కనిపించేది. పనులమీద వచ్చినవాళ్ళు దానిమీద కూర్చునేవాళ్ళు. ఎదురుగా బల్ల, బల్ల వెనక ఆయన. కిటికీ పక్కన, మూత వేసిన కుట్టుమిషను ముందు ఆయన వదిన. మిషను మీద ఒక రేకు డబ్బా, దాని నిండా గుండుసూదులు.

వదిన ఆ ఇంటికి వచ్చేసరికి ఆమెకు పదిహేడేళ్ళు, మరిదికి ఎనిమిది. ముందుపళ్ళు రెండూ ఊడి, తల్లి లేక, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుని తిరిగేవాడు. ఐదో ఏడు ఆమె భర్త జ్వరంతో పోయాడు. పుట్టింటికి వచ్చేయమని అన్నలు కబురు పెట్టారు. "మరి వీణ్ణేం చేయను?" అని అడిగింది. ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది.

అక్కడ ఆమె పని కాలర్లు. కుట్టే ముందు కాలరు జరగకుండా మెడ చుట్టూ సూదులు గుచ్చాలి. రోజంతా నోట్లో ఆరేడు సూదులు బిగించి పట్టుకునేది. అది ఎంత అలవాటైందంటే, తర్వాత నోట్లో సూదులు లేకపోయినా ఉన్నట్టే ఉండేది. చదువంటారా, అంకెలు వచ్చు, సంతకం వచ్చు, మిగతాది కూడబలుక్కోవాలి. మరిదిని పదో తరగతి దాకా చదివించింది. ఇరవై నాలుగో ఏట అతనికి కండక్టరు ఉద్యోగం దొరికింది.

ఆ బస్సు ఊరి నుంచి ఫ్యాక్టరీ మీదుగా కొండకింద కాలనీకి పోయేది. యాభైమంది పట్టే బండిలో తొంభైమంది ఎక్కేవాళ్ళు. అతను ఒక్కరికీ సీటు లేదని చెప్పి ఎరగడు. "ఎక్కండి ఎక్కండి, వచ్చే స్టాపులో సగం బండి ఖాళీ" అనేవాడు. వచ్చే స్టాపులో ఒక్కడూ దిగేవాడు కాదు సరికదా, ఇంకో నలుగురు ఎక్కేవాళ్ళు. "అదేంటయ్యా, ఖాళీ అవుతుందన్నావు?" అంటే, "ఆ తర్వాతది చూడండి బాబాయ్, వరద తీసినట్టే" అనేవాడు. ఆ తర్వాతది చూసేలోగా బాబాయి దిగాల్సిన చోటు వచ్చేసేది. చిత్రమేమిటంటే ఎవరికీ కోపం రాలేదు. నిలబడి ప్రయాణం చేసినవాళ్ళు కూడా కూర్చోబోయినట్టే దిగిపోయేవాళ్ళు. పైగా అతనికి ఎవరు ఎక్కడ దిగుతారో అంతా నోటికే ఉండేది. పేర్లు మరిచిపోయేవాడు గానీ స్టాపులు మరిచిపోలేదు.

ఆ బండికి డ్రైవరు, అతనికన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. పదకొండేళ్ళు ఇద్దరూ కలిసి తిరిగారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. డ్రైవరు అద్దంలో చూస్తూ మాట్లాడితే కండక్టరు అద్దంలోకి చూస్తూ జవాబు చెప్పేవాడు. మిగతాదంతా బెల్లు తాడు. ఒకసారి లాగితే ఆపు, రెండుసార్లు లాగితే పోనీ. అంతకు మించిన మాటలు వాళ్ళకు అవసరం పడలేదు. సాయంత్రం ఏడింటి బండి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు వదిన ఇంకా బయటికి రాకపోతే డ్రైవరు ఇంజను ఆపకుండా రెండు నిమిషాలు చూసేవాడు. ఎవరైనా సణిగితే, "గేరు పడటంలేదు, ఉండండి" అనేవాడు. ఆమె ఎక్కగానే గేరు పడేది.

ఒక ఏడు బస్సు సిబ్బంది సమ్మె చేశారు. ఇరవై ఆరు రోజులు. రోజూ పొద్దున్నే డిపో గేటు దగ్గర పోగైనవాళ్ళకు ఎవరో ఒకరు ధైర్యం చెప్పాలి. ఆ పని కండక్టరు నెత్తిన పడింది. "రేపటికి తేలిపోతుంది" అని ఇరవై ఆరు రోజులూ చెప్పాడు. ఇరవై ఏడో రోజు నిజంగానే తేలింది. దాంతో అతని పేరు మారుమోగిపోయింది. పార్టీవాళ్ళు మనిషికోసం చూస్తూ ముందు డ్రైవర్నే అడిగారు. "నాకు వెనక్కి తిరిగి మాట్లాడటం రాదు. మావాణ్ణి తీసుకుపోండి, వాడికి నోరుంది" అన్నాడాయన.

అలా ముప్పై అయిదేళ్ళ వయసులో కండక్టరు శాసనసభ మెట్లెక్కాడు. ఇరవై ఏళ్ళలో సభలో పదిహేడుసార్లు మాట్లాడాడు. అందులో నాలుగుసార్లు వెనక వరసలో ఫ్యాను తిరగడంలేదని. ఆయన అసలు కొలువు సభలో కాదు, ముందుగదిలో.

గెలిచిన మూడో రోజునుంచే జనం కాగితాలతో వచ్చారు. బదిలీలు, పింఛన్లు, హాస్టల్ సీట్లు, కుళాయిలు. ఆయన ప్రతి అర్జీకీ పైన తన ఉత్తరం ఒకటి రాసి, సంతకం చేసి, కొన్ని చేతికిచ్చేవాడు, కొన్ని పోస్టులో పంపేవాడు. ఫ్యాను గాలికి అర్జీలు ఒకవైపు, ఉత్తరాలు ఒకవైపు ఎగిరిపోయేవి. వదిన అప్పటికి ఫ్యాక్టరీ మానేసింది. తన డబ్బా తెచ్చి, జతగా ఉన్నవాటికి సూది గుచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. కాలరు గుచ్చినంత నీటుగా, ఎడమ మూలన, మొన బయటికి రాకుండా.

రెండో ఏడు సర్కారువారు ఆయనకొక స్టేప్లరు పంపారు. ఇనుముది, బరువైనది. ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడేది. "నీకెందుకులే వదినా, తొందర పనులవి నువ్వు గుచ్చు, మిగతావి నేను కొడతాను" అన్నాడాయన. మొదట అన్నది మంచికే. రోజుకు వచ్చే అరవై కాగితాల్లో నిజంగా అయిదో ఆరో ఆయన వెంటపడి చేయించగలిగేవి. వాటిని ఆమె వైపు జరిపేవాడు. మిగతావి తన దగ్గరే ఉంచుకుని టక్కు టక్కున కొట్టేవాడు. ఆఫీసుల్లో గుమాస్తాలు కళ్ళు మూసుకుని ఉండరు కదా. నెల తిరక్కుండా వాళ్ళకు అర్థమైపోయింది. కండక్టరుగారి కాగితం సూదితో వస్తే పని అవ్వాలి. స్టేప్లరుతో వస్తే సొరుగులో పడుకోవాలి. ఎవరూ ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. ఫోను చేసినవాడు లేడు, రాసిపెట్టినవాడు లేడు. సూది మాత్రం ఎక్కడా తప్పలేదు.

ఇక ఆయనకు ఎవరికీ లేదని చెప్పే అవసరమే రాలేదు. అందరికీ ఉత్తరం దొరికేది. అందరూ నవ్వుతూ మెట్లు దిగేవాళ్ళు. వచ్చే స్టాపులో ఖాళీ అవుతుందని.

వదినకు ఇది నచ్చిందా అంటే, ఆమెను ఎవరూ అడగలేదు. నలుగురిలో మరిదిని "ఏమయ్యా" అని, లోపల "ఏరా" అని పిలిచేది. లోపల ఒకటి రెండుసార్లు, "ఏరా, ఆ ముసలమ్మది నావైపు జరపలేదేం?" అంది. "చూద్దాంలే వదినా" అన్నాడు. ఆ మాట ఆయన బస్సులో అన్న మాటలాంటిదేనని ఆమెకు తెలుసు. ఆయన భార్య ఆస్పత్రిలో నర్సు. ఇల్లు ఆమె జీతంతో నడిచేది. ముందుగదిలో జరిగేదేదీ ఆమె పట్టించుకునేది కాదు. "మా వార్డులో జ్వరమొచ్చినవాడికి మందు ఇస్తాం, తగ్గుతుంది. మీ దగ్గర కాగితమిస్తే ఏం తగ్గుతుందో మీకే తెలియాలి" అని లోపలికి వెళ్ళిపోయేది.

నాలుగో విడత చివరికొచ్చింది. ఎన్నికలు నాలుగు నెలల్లో ఉన్నాయి. ఈసారి గెలిస్తే పూర్తి మంత్రి పదవి ఇస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. కండక్టరుకు దానిమీద ఎంత ఆశ ఉండేదంటే, దర్జీ దగ్గరికెళ్ళి రెండు తెల్ల చొక్కాలకు కొలతలిచ్చి, కుట్టడం మాత్రం జాబితా వచ్చాక మొదలుపెట్టమన్నాడు. టికెట్ల జాబితా పైకి పంపేది పార్టీ జిల్లా అధ్యక్షుడు. ఊళ్ళో తిరిగే ప్యాసింజరు వ్యాన్లలో సగం ఆయనవే కాబట్టి అందరూ వ్యాన్లాయన అనేవాళ్ళు.

ఆ రోజుల్లోనే డ్రైవరు వచ్చాడు. ఉద్యోగం దిగి అయిదేళ్ళయింది, మందపాటి అద్దాలు, కొండకింద కాలనీలోనే ఇల్లు. ఆకుపచ్చ సీటు మీద కూర్చుని, అలవాటు చొప్పున ఎదుటి గోడకేసి చూస్తూ మాట్లాడాడు.

"మన ఏడింటి బండి తీసేశారు తమ్ముడూ. రెండేళ్ళయింది. ఆడపిల్లలు షిఫ్టు దిగి నాలుగు కిలోమీటర్లు నడిచొస్తున్నారు. వ్యాను నిండితేగానీ కదలడు. కదిలినా మగాళ్ళనే ముందెక్కిస్తాడు."

"అయ్యో, నాకు చెప్పొద్దా అన్నా! ఇప్పుడే రాసేస్తాను" అన్నాడు కండక్టరు. రాశాడు, సంతకం చేశాడు. వదిన చేయి డబ్బా మీదికి పోయింది. కాగితం ఆమె వైపు జరగలేదు. టక్కుమంది.

నెల తర్వాత డ్రైవరు మళ్ళీ వచ్చాడు. "ఇంకా రాలేదు తమ్ముడూ."

"వచ్చే వారంలో వచ్చేస్తుందన్నా. టైముపట్టీ మారుస్తున్నారు." మళ్ళీ టక్కుమంది.

మూడోసారి వచ్చినప్పుడు డ్రైవరు చేతిలో లావుపాటి అర్జీ ఉంది. రెండువందల పదకొండు సంతకాలు. చివరి పేజీ నిండా వేలిముద్రలు. ఎంత నడిచి తిరిగి పెట్టించాడో, కాగితాల అంచులు చెమటకు మెత్తబడి ఉన్నాయి.

"ఇది నీ తప్పు కాదులే" అన్నాడు గోడతో. "నేను రాత్రంతా ఆలోచించాను. నీ ఉత్తరాలు వాళ్ళకి అందటంలేదు. పోస్టులో ఎవడో పారేస్తున్నాడు. ఒకసారి పోస్టు మాస్టర్ని కనుక్కోరాదూ?"

కండక్టరు నీళ్ళు నమిలాడు. "కనుక్కుంటానన్నా. తప్పకుండా."

డ్రైవరు లేచి, కిటికీ దగ్గర ఆగి, "వెళ్ళొస్తా వదినమ్మా. మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇప్పుడు చీకట్లో నిలబడుతున్నారు పిల్లలు. బల్బు కూడా పోయింది" అని మెట్లు దిగాడు.

ఉత్తరం రాయడం అయిపోయింది. కండక్టరు స్టేప్లరు అందుకోబోతుంటే లోపల ఫోను మోగింది. రాజధాని నుంచి. "వదినా, అవి కాస్త సర్దేయ్" అని పరుగెత్తాడు.

ఆమె లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఉత్తరం, అర్జీ జత చేసింది. అంత లావు కాగితాలకు మామూలు సూది చాలదు. డబ్బా అడుగున కాలర్ల కాలంనాటి పొడుగు సూదులు మూడు ఉన్నాయి. ఒకటి తీసింది. ఎడమ మూలన, మొన బయటికి రాకుండా గుచ్చింది. పోస్టుకు పోయే కట్ట మధ్యలో పెట్టి దారం కట్టింది. తిరిగొచ్చి కూర్చుని డబ్బా మూత పెట్టింది.

డిపో మేనేజరు ఆ కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు తిప్పి చూశాడట. ఏడింటి బండి ఎవరికోసం తీసేశారో ఆయనకు తెలియంది కాదు. కానీ సూది సూదే. పైగా అంత పొడుగు సూది ఆయన ఎన్నడూ చూడలేదు. పెద్దవాళ్ళ మధ్య ఏదో రాజీ కుదిరి ఉంటుందనుకున్నాడు. ఒకటో తారీఖు నుంచి బండి నడుస్తుందని ఆర్డరు వేశాడు. కాలనీకి కబురు అందింది. డ్రైవరు ఆ సాయంత్రమే వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "పోస్టుమాస్టర్ని బాగా దులిపినట్టున్నావే!" అని నవ్వి వెళ్ళాడు. ఏం జరిగిందో కండక్టరుకు అర్థమయ్యేలోపే వ్యాన్లాయన దిగాడు.

మర్నాడు మధ్యాహ్నం. సీటు మీద ఎవరూ లేరు. వ్యాన్లాయన దానిమీద సగం ఆక్రమించి కూర్చున్నాడు.

"ఏంటి కండక్టరూ, నా బండ్లకి అడ్డంగా బస్సు తోలుతున్నావట?"

"నేనా? నాకేం తెలీదన్నా..."

"డిపోవాడు నీ కాగితం చూపించాడయ్యా, సూదితో సహా. ఏం, నీ సూది సంగతి నాకు తెలీదనుకున్నావా? అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. తెలియంది ఆ కాగితాలు మోసుకొచ్చే జనానికే."

కండక్టరు కిటికీ వైపు చూశాడు. వదిన డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"పొరపాటున పోయి ఉంటుందన్నా" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నా. అందుకే నీ ఇంటికొచ్చా, లేకపోతే పైకే పోయేవాణ్ణి. జాబితా ఎల్లుండి పంపాలి. నీ పేరు మొదటుంది. పొరపాటున పోయింది, రద్దు చేయండి అని ఒక్క ముక్క రాసి డిపోకి పంపు. దానికీ సూది పెట్టు, మరిచిపోకు. ఇంకోటి, కాలనీవాళ్ళకి నువ్వే వెళ్ళి చెప్పు. రోడ్డు బాగోలేదను, వంతెన ఆగదను. నీకు చెప్పడం నేర్పాలా? నా పేరు మాత్రం రాకూడదు."

వ్యాన్లాయన మెట్లు దిగాక కండక్టరు కిటికీ వైపు తిరిగాడు.

"వదినా, ఆ సూది ఎవరు పెట్టారు?"

"ఈ ఇంట్లో సూదులు పెట్టేదెవరురా?"

"చూసుకోకుండా పెట్టావా?"

అవునంటే సరిపోయేది. ఆయన ఆ మాటకోసమే చూస్తున్నాడని ఆమెకు తెలుసు.

"చూసే పెట్టాను."

"ఎందుకూ?"

"మూడుసార్లు వచ్చాడు. మూడోసారి పోస్టు మీద అనుమానపడ్డాడు గానీ నీమీద పడలేదు."

"మంత్రి పదవి ఇస్తామన్నారు వదినా. పూర్తి మంత్రి. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ..."

"ఆ, తెలిసే. వద్దనుకుంటే రద్దు చేసుకో. ఉత్తరం నీది, సంతకం నీది. నేను మాత్రం దానికి గుచ్చను."

ఆయన బల్ల ముందు కూర్చుని రద్దు ఉత్తరం రాశాడు. రెండు వాక్యాలకు మూడు కాగితాలు పాడయ్యాయి. పాత ఉత్తరం నకలు జత చేసి, డబ్బా దగ్గరికి వెళ్ళి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి తన చేత్తో సూది తీసి గుచ్చాడు. వంకరగా పోయి వేలికి దిగింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన భార్య, ఆయన వేలు నోట్లో పెట్టుకుని నిలబడటం చూసి, "ఏమైంది?" అంది.

"సూది గుచ్చుకుంది."

"తుప్పుదైతే ఇంజెక్షను చేయించుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని కాలనీకి బయల్దేరాడు. ముందు వాళ్ళకు చెప్పి, తర్వాత డిపోలో ఇద్దామని. వదిన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "నువ్వెందుకు వదినా?" అన్నాడు. "నేను పెట్టిన సూది, ఎలా పీకుతావో చూడాలిగా" అంది.

కాలనీ కుళాయి దగ్గర ఖాళీ జాగాలో కుర్చీ వేసి ఉంచారు. పాతికముప్పైమంది ఆడవాళ్ళు. కొందరి చేతులకు ఇంకా మట్టి ఉంది. డ్రైవరు కుర్చీ పక్కనే అరుగు మీద, ఎదుటికి చూస్తూ కూర్చున్నాడు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. కండక్టరు తాగి, గ్లాసు దించి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, బస్సు సంగతి... రోడ్డు చూశారుగా, ఆ గుంటల్లో అంత పెద్ద బండి..."

"గుంటలు పూడ్చేశాం సార్" అంది ముందున్న పిల్ల. "పొద్దున్నుంచీ అదే పని. మట్టి పోసి కొట్టాం. వచ్చేప్పుడు చూడలేదా?"

"చూశాను, చూశాను. అది సరే. కానీ వంతెన ఉంది చూడండి, పాతది..."

"దానిమీద సిమెంటు లారీలే పోతున్నాయి, బస్సుకేం?" అంది వెనకనుంచి ఒకావిడ. "మేమంతా ఎక్కినా లారీ అంత ఉండం. మా అత్త ఒక్కతే కాస్త లావు." అందరూ నవ్వారు. అత్త కోడలి వీపు మీద ఒకటి వేసింది.

కండక్టరు కూడా నవ్వాడు. చేయి జేబు దగ్గరికి పోయి అక్కడే ఆగింది. "అంటే... ప్రయత్నం మాత్రం గట్టిగానే... ఒక రెండు నెలలు..." అంటూ ఎటూ తేల్చకుండా మాటలు అల్లుతున్నాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోసాగారు.

డ్రైవరు తల తిప్పకుండా, ఎదురుగా రోడ్డు ఉన్నట్టే చూస్తూ అన్నాడు. "తమ్ముడూ, నువ్వు మాట్లాడేది నాకు అందటంలేదు. పాత పద్ధతిలో చెప్పు. ఒకటా, రెండా?"

వదిన మరిది చేయినే చూస్తోంది. జేబులోంచి సూది మొన కొద్దిగా బయటికొచ్చి ఎండకు మెరుస్తోంది. ఒకటి అంటే అయిపోయింది. జాబితాలో పేరు, పూర్తి మంత్రి, తెల్ల చొక్కాలు. చిన్న మాటే. బస్సులో లక్షసార్లు ఆ తాడు ఒక్కసారి లాగి ఉంటాడు. కానీ అప్పుడు బండి ఆగితే ఎవరో ఎక్కేవాళ్ళు, ఎవరో దిగేవాళ్ళు. ఇప్పుడు ఆగితే అంతే.

ఆయన తలెత్తి చూశాడు. ఎదురుగా మట్టి చేతులు, పక్కన తనవైపు తిరగని ఆ ముఖం.

"రెండు" అన్నాడు.

"ఆ ముక్క ముందే అనొచ్చుగా" అన్నాడు డ్రైవరు.

తర్వాత ఊరంతా చెప్పుకుంది, కండక్టరు పదవి పోతుందని తెలిసీ ధైర్యం చేశాడని. వదిన ఎవరితోనూ కాదనలేదు. కానీ ఆ చేతిని చూసింది ఆమె ఒక్కతే. అది ధైర్యం కాదని ఆమెకు తెలుసు. ఎదుటి మనిషి ముఖం చూసి లేదని చెప్పలేని పాత జబ్బు అది. ఇరవై ఏళ్ళు ఆ జబ్బే ఎందరినో ఉత్తుత్తి కాగితాలతో తిప్పింది. ఆ ఒక్క ఆదివారం ఒక బస్సును కాపాడింది. మెచ్చుకోవాలో, తిట్టుకోవాలో ఆమె తేల్చుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన జేబులోంచి ఉత్తరం తీసి ఇస్తే, సూది ఊడదీసి కొంగుకు గుచ్చుకుని, కాగితం నాలుగు ముక్కలు చేసింది.

టికెట్టు వ్యాన్లాయన బావమరిదికి ఇచ్చారు. "పదకొండేళ్ళు ఊరందరికీ టికెట్లు కొట్టినాయనకి వీళ్ళొక్క టికెట్టు ఇవ్వలేకపోయారు" అని టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. సొంతంగా నిలబడమని కొందరు వచ్చి అడిగారు. వాళ్ళకూ ఆయన వద్దని చెప్పలేదు, చూద్దామన్నాడు. చూస్తుండగానే నామినేషన్ల గడువు దాటిపోయింది. తెల్ల చొక్కాల కొలతలు దర్జీ పుస్తకంలోనే ఉండిపోయాయి. బావమరిది గెలిచాడు. గెలిచిన ఏడాదిలో ఏడింటి బండిని రెండుసార్లు తీసేయించాడు. రెండుసార్లూ ఆడవాళ్ళు డిపో గేటు ముందు కూర్చుని మళ్ళీ వేయించుకున్నారు. దానికి ఎవరి కాగితమూ అవసరం పడలేదు.

పదవి పోయినవాళ్ళ ఇళ్ళకు జనం రావడం ఒక్కరోజులో ఆగదు. ఆకుపచ్చ సీటు మీద ఇంకా ఒకరో ఇద్దరో కూర్చుని కనిపించేవాళ్ళు. ఒకరోజు పొద్దున ఒకామె కూతురి హాస్టలు సీటు కోసం వచ్చింది. సంచిలోంచి కాగితాలన్నీ తీసి బల్ల మీద పరిచింది.

"చూద్దాం..." అని మొదలుపెట్టి ఆయన ఆగాడు. ఉత్తరాలు రాసే కాగితాల అట్ట బల్ల మీద లేదు. స్టేప్లరు సర్కారువారు తీసుకుపోయారు. కిటికీ దగ్గర వదిన తల ఎత్తకుండా ఏదో కుట్టుకుంటోంది.

"నావల్ల కాదమ్మా" అన్నాడు. అనేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నా మాట ఇప్పుడెక్కడా చెల్లదు."

ఆమె కోపగించుకుంటుందని ఎదురు చూశాడు. ఏడుస్తుందేమోనని కూడా భయపడ్డాడు. ఆమె మాత్రం, "పోనీలెండి, ముందే చెప్పారు. ఆ కొత్తాయన దగ్గరికి నాలుగుసార్లు తిరిగాను" అంది. "మరి ఎవర్నడగాలి?"

కండక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "నువ్వెక్కడ ఎక్కుతావు? నీళ్ళ ట్యాంకు దగ్గరా? పన్నెండో నంబరు ఎక్కు. గడియారం స్టాపులో దిగు, దాని ముందుది కాదు. హాస్టళ్ళ ఆఫీసు, రెండో అంతస్తు, మూడో కిటికీ. అక్కడుండే ఆవిడ కసురుతుంది గానీ పని చేస్తుంది. పదకొండున్నరలోపు వెళ్ళాలి. ఇప్పుడు బయల్దేరితే బస్సు దొరుకుతుంది. సీటు మాత్రం ఉండదు, నిలబడాలి."

ఆమె గబగబా కాగితాలు పోగుచేసింది. ఒకటి జారి కింద పడింది.

"ఇలా తే" అంది వదిన.

డబ్బా తెరిచింది. కాగితాల అంచులు మిషను మీద తట్టి సరిచేసింది. ఎడమ మూలన, మొన బయటికి రాకుండా సూది గుచ్చి ఇచ్చింది. బయట గాలిగా ఉంది.